పెరటితోటయు ఆరు ఋతువులును

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మనలో నొక సామెత కలదు. చేరువనున్న వస్తువునందు మనుష్యులకు గౌరవముండదని దాని భావము. ఈ యనాదరమువలన మన యిండ్లలో కలుగు నష్టమెట్టిదో విచారింతము. పసిబిడ్డల యాహారమునందు విటమిను ‘ఏ’ చాలనిచో మొదట రేచీకటి కలుగును. అలక్ష్యము చేసినయెడల చూపే శాశ్వతముగా పోవచ్చును. ఈ లోపమును మాన్పుటకై 1970వ సంవత్సరమున మన దేశమునందు ప్రభుత్వమువారు బిడ్డలకు విటమిను ద్రావకము నిచ్చు పద్ధతి నారంభించిరి. మునగాకు, తోటకూర, పొన్నగంటికూర మొదలగువానియందు ఆ విటమినుగా మారు పదార్థము సమృద్ధిగా నున్నది. కొంచెము నూనెతో వండిపెట్టినచో నది దేహమునకు బాగుగా పట్టును. కావున ఏ ఋతువునందును బిడ్డ కంచమున పచ్చనికూర లేకుండ పోకుండ జూచుట పెరటితోట మొదటి ప్రయోజనము. పువ్వులు రెండవ ప్రయోజనము. అదియు తక్కువది కాదు.

ఇట్టి తోటను నడుపుట కొక్క సూత్రము చాలును: ఒక ఋతువు ఫలము దానికి ముందటి ఋతువు పనిలో నుండును. ఎండ వచ్చిన పిమ్మట నీడను, వాన వచ్చిన పిమ్మట కాలువను వెదకువానికి తోట దక్కదు.

గ్రీష్మము. — రోహిణికార్తె యెండలో ఖాళీ మడులను లోతుగా త్రవ్వి మన్ను తిరుగవేయవలెను. ఆ వేడిమికి కలుపుమొక్కలును పురుగుల గ్రుడ్లును చాలవరకు నశించును. ఉన్న మొక్కల మొదళ్లయందు ఎండుటాకులు పరచినచో తేమ నిలుచును. నీరు తెల్లవారుజామున గాని ప్రొద్దుక్రుంకిన తరువాత గాని పోయవలెను. ఈ కాలమున మడులలోని కూరలు సన్నగిల్లును గనుక మునగ, కరివేప, బచ్చలి మున్నుగా నాటియుంచినవారికే కూరకు కొదవ యుండదు.

వర్షర్తువు, శరత్తు. — మృగశిరకార్తెలో తొలకరి పడగానే బీర, సొర, పొట్ల, కాకర, బెండ విత్తవలెను. మడులను జానెడెత్తున కట్టనియెడల వాననీరు నిలిచి వేళ్లు కుళ్లును. బీర, సొర పువ్వులు సాయంకాలమున విచ్చును. పిందెలు నిలువక రాలుచున్నచో, మగపువ్వును కోసి దాని పుప్పొడిని, పిందెతో నున్న యాడుపువ్వునకు చేతితో తాకింపవచ్చును. పొట్లపిందె కొనకు చిన్నరాయి కట్టినచో కాయ వంకరలేక సాగును. నాటుచిక్కుడు తీగ వానలలో పందిరినిండ పాకినను, రాత్రులు దీర్ఘములైనగాని పూతపట్టదు. ఇది తెలియక కొందరు గొడ్డుపాదని దానిని పెరికివేయుదురు. మరి రెండు మాసము లోర్చినచో చలికాలమంతయు కాయలు కోసికొందురు. బంతినారు శ్రావణమున పోసి, నెల తిరుగకమునుపే నాటినచో దీపావళికి పూలు చేతికి వచ్చును. సంక్రాంతి గొబ్బెమ్మలకు కావలెనన్న ఆశ్వయుజమున మరల నారుపోయవలెను.

వానకాలమున కుండపెంకులలోను తొట్లక్రిందను నీరు నిలువనీయరాదు. దోమ గ్రుడ్డునుండి పుట్టి రెక్కలతో లేచుటకు వారము పదిదినములు చాలును. దోమ కడుపులో చలిజ్వరపు క్రిమిని రోనాల్డు రాస్ 1897లో మన సికిందరాబాదుననే కనుగొనెను. కూరలకొరకు వేసిన తోట జ్వరమునకు తావు కారాదు.

హేమంతము, శిశిరము. — ఇది తోటకు సౌఖ్యకాలము. వంగ, టమాట, ముల్లంగి, మెంతి, కొత్తిమీర చక్కగా వచ్చును. ధనియమును రెండు బద్దలగునట్లు నలిపి విత్తవలెను. ఒక్కొక్క బద్దలో నొక్కొక్క విత్తు కలదు. ఎండలు ముదిరిన పిమ్మట విత్తిన కొత్తిమీర ఆకు పెరుగకమునుపే పూతకు వచ్చును. చిక్కుడు కొనలకు పేనుబంక పట్టినచో, 50 గ్రాముల వేపపప్పు దంచి లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను. మల్లెపొదను మార్గశిర పుష్యములలో కత్తిరించి, నీరు తగ్గించి, మాఘమున ఎరువువేసి తడిపినవారికే వేసవిలో పూలు విరివిగా లభించును. సూత్రమునకు దీనికంటె మంచి నిదర్శనము లేదు.

వసంతము. — తీగలకు తొలుత కాచిన మంచికాయలను కోయక ముదురనిచ్చి, యెండిన విత్తులను బూడిదతో కలిపి దాచవలెను. రాలిన యాకులు, కూరల తొక్కలు, పేడ ఒక గోతిలో పొరలుపొరలుగా వేసి తడుపుచుండిన, కొన్నిమాసములలో నల్లని యెరువగును.

ఇక నొక్కమాట. పార పట్టుట కూలివాని పనియని పురుషులు కూర్చుండుటయు, వంటయు నీళ్లుమోతయు ముగించుకొన్న స్త్రీయే సాయంకాలమున మరల మొక్కలకు నీరు మోయుటయు పెక్కిండ్లలో జూచుచున్నాము. తినునప్పుడు అందరిదియైన తోట, త్రవ్వునప్పుడు ఒక్కరిది యగుట న్యాయము కాదు. తండ్రి మడి త్రవ్వవలెను. కొడుకును కూతురును సమముగా బిందె పట్టవలెను. తాను తడిపిన తోటకూరను బిడ్డ వలదని త్రోసివేయుట యరుదు.

చదువరులారా! స్థలము లేదనకుడు, తీరిక లేదనకుడు. తొలకరికి ముందు ఒక్క మునగకొమ్మను నాటి, బియ్యము కడిగిన నీరు దాని మొదట పోయుడు. పెరటిచెట్టు వైద్యమునకు పనికివచ్చునో లేదో మీ బిడ్డల కన్నులే చెప్పును.