సంస్థ ధ్యేయము – కార్యకర్త వికాసము

మనుష్యుడు పనిని చేయుచుండగా పనియు మనుష్యుని తీర్చుచుండును. ఇది పెద్దలందఱు ఎఱిగిన విషయమే. అయితే ఆ పని వానిని పెంచునా, కుదించునా యనునది అది యే ధ్యేయముకొఱకు జరుగుచున్నదో దానిని బట్టి యుండును. వేలకొలది జనులు కలిసి పాటుపడు మహాసంస్థలలో ఈ సంగతి మఱింత స్పష్టముగా కానవచ్చును.

గుజరాతులో సూరతు నగరమునకు సమీపమున, తపతీనది సముద్రమును చేరు చోట హజీరా కలదు. 1980 తరువాతి దశాబ్దములలో ఇచ్చట సహజవాయువు, ఎరువులు, ఉక్కు, భారీయంత్రములు మున్నగు పరిశ్రమలు వెలసినవి. నేల యొక్కటే, గాలి యొక్కటే. కాని సంస్థల ధ్యేయములు వేఱు. కావున వాని పనివారు నేర్చుకొను విద్యలును వేఱైనవి.

1980లో ఏర్పడిన క్రిభ్‌కో సంస్థను చూడుడు. 1986లో దాని హజీరా కర్మాగారమున ఎరువుల ఉత్పత్తి ఆరంభమైనది. ఇది సహకారసంస్థ, దీని యజమానులు రైతుల సహకారసంఘములే. కొనువాడే యజమాని యైనచోట యూరియా బస్తాలను అమ్మివేయుటతో పని ముగియదు. ఆ నేలకు ఎంత యెరువు కావలెను, ఎప్పుడు వేయవలెను అని రైతునకు తెలుపుటయు ఉద్యోగి కర్తవ్యమగును. ఆ కర్తవ్యము కొఱకు అతడు మట్టిని గూర్చి, పంటను గూర్చి, పల్లెను గూర్చి నేర్వవలసి వచ్చును. సంస్థ ధ్యేయమే అతని పాఠ్యక్రమమును నిర్ణయించినది.

రెండవ నిదర్శనము లార్సెన్ అండ్ టూబ్రో. 1938లో బొంబాయిలో హోల్క్-లార్సెన్, టూబ్రో అను ఇద్దఱు డేనిష్ ఇంజనీర్లు దీనిని నెలకొల్పిరి. 2009 జూలై 26న విశాఖపట్టణమున జలప్రవేశము చేసిన అరిహంత్ జలాంతర్గామి యొక్క కాయభాగములు ఈ సంస్థ హజీరా శాలలలోనే రూపొందినవి. కేంద్రక సంలీనమును శోధించుటకై ఫ్రాన్సులో నిర్మింపబడుచున్న ఇటెర్ యంత్రమునకు వలయు క్రయోస్టాట్ అను మహాపాత్ర యొక్క భాగములును ఇచ్చటివే. దాని కడపటి భాగములు 2020లో పంపబడినవి. ఆ పాత్ర ఎత్తును వెడల్పును ఇంచుమించు 30 మీటర్లు. లోపల శూన్యము నిలువవలెను.

ఇట్టి పనిలో ఒక వెల్డరు పెట్టిన అతుకులోని సన్నని లోపము కంటికి కానరాకపోవచ్చును. పరీక్షాసాధనములు కలవు, నిజమే. అయినను మొదటి కావలి పనివాని అంతఃకరణమే. ఎన్ని టన్నులు పూర్తియైన వనునదే సంస్థ గురియైనచో అతనికి వేగము చాలును. లోపము లేని పాత్రయే గురియైనచో అతనికి ఓర్పు, సత్యసంధత, “ఇచ్చట పొరపాటున్నది, పని నిలుపుడు” అని పై యధికారితో చెప్పగల ధైర్యము కావలెను. ఆ మాట చెప్పినవానిని దండింపక మన్నించు సంస్థలోనే ఈ గుణములు పెరుగును. శిక్షణ తరగతిలో నేర్పినది అధికారి కోపముచే ఒక్క దినములో చెఱుపబడవచ్చును.

ఈ సంస్థకు చిరకాలము నాయకుడైన అనిల్ మణిభాయి నాయక్ 1965లో చిన్న ఇంజనీరుగా చేరి, 1999లో అధిపతియై, 2023లో అధ్యక్షపదవిని విడిచెను. సిమెంటు శాఖ వేఱుపడిన సందర్భమున ఉద్యోగుల ట్రస్టు సంస్థలో గణనీయమైన వాటాలను పొందినది. క్రిందిమెట్టునుండి పైమెట్టునకు దారి యుండుట, శ్రమఫలములో భాగముండుట – ఈ రెండును లేనిచోట ఎంత గొప్ప ధ్యేయమైనను పనివాని చెవికి పరుల మాటగానే వినబడును.

2013 నాటి కంపెనీల చట్టము నిర్ణీత పరిమాణమును మించిన సంస్థలు గడచిన మూడేండ్ల సగటు లాభములో కనీసము నూటికి 2 వంతులు సమాజహితమునకు వెచ్చింపవలెనని విధించినది. తన ఉద్యోగుల మేలుకొఱకు మాత్రమే చేయు వ్యయము అందు లెక్కకు రాదు. ఇందొక సూక్ష్మము కలదు: పనివాని వికాసము దానము కాదు, అది యజమాని నిత్యధర్మము.

అట్లయిన ఒక సంస్థ ధ్యేయము నిజమైనదో కాదో తెలియుట యెట్లు? గోడపై వ్రాసిన వాక్యములను చదివిన తెలియదు. కాంట్రాక్టు క్రింద దూరప్రాంతములనుండి వచ్చిన కూలివానిని చూడవలెను. శాశ్వతోద్యోగికి లభించు శిక్షణ, రక్షణ అతనికిని లభించుచున్నవా? పని ముగిసి స్వగ్రామమునకు పోవునపుడు కూలిసొమ్ముతోపాటు ఒక విద్యను గూడ తీసికొని పోవుచున్నాడా? తీసికొని పోవుచున్నచో ఆ సంస్థ ధ్యేయము గోడను దాటి మనుష్యుని చేరినది. లేనిచో ఆ ధ్యేయము కొందఱి కొఱకే. తక్కినవారు దానికి పనిముట్లు మాత్రమే.

ఈ పరీక్ష మహాసంస్థలకే కాదు. ఇంటిలో ఒక పనిమనిషిని, అంగడిలో ఒక కుఱ్ఱవానిని పెట్టుకొనిన ప్రతివారికిని ఇది వర్తించును.