దుంగలపై గానోడెర్మా సాగు: తూంకుంట పరిసరాలలో అనుకూలతలు, జాగ్రత్తలు

దుంగలపై పెంచే ఔషధ పుట్టగొడుగులలో షిటాకే, రీషి ముఖ్యమైనవి. షిటాకే గొడుగులు రావడానికి 12–20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అవసరం. తూంకుంట, షామీర్‌పేట ప్రాంతాలలో ఆ చల్లదనం చలికాలపు రాత్రులకే పరిమితం. రీషి అని పిలిచే గానోడెర్మాకు 25–30 డిగ్రీలు సరిపోతాయి కనుక ఇక్కడ పరిశీలించదగినది అదే. అయితే ఔషధంగా పేరొందిన ఈ ప్రజాతికి చెట్ల వ్యాధికారకంగానూ అంతే పేరున్నది.

గట్టి కలప దుంగలను 15–20 సెం.మీ. ముక్కలుగా కోసి, పాలీప్రొపిలీన్ సంచులలో ఉంచి, 100 డిగ్రీల ఆవిరిలో కనీసం 10 గంటలు శుద్ధి చేస్తారు. చల్లారిన పిదప స్పాన్ వేసి చీకటి గదిలో ఉంచితే తంతువులు సుమారు రెండు నెలలలో దుంగను అల్లుకుంటాయి. అనంతరం నీడపందిరి కింద మట్టిలో పాతడం చైనాలో ప్రచారంలో ఉన్న పద్ధతి. గొడుగు దశలో గాలిలో తేమ 85 శాతానికి తగ్గరాదు. ఏప్రిల్, మే నెలల వడగాలులలో ఇది దుస్సాధ్యం కనుక మార్చిలో స్పాన్ వేసి, గొడుగు దశ నైరుతి ఋతుపవనాలతో కలిసేటట్లు చూడాలి. గాలి ఆడని పాకలో బొగ్గుపులుసు వాయువు పెరిగి, గొడుగు విచ్చుకోక జింక కొమ్ములవలె సాగుతుంది. అంచున ఉన్న తెల్లని వలయం మాయమైనప్పుడు కోత కోయాలి.

దుంగలను మట్టిలో పాతే పద్ధతిని యథాతథంగా సిఫారసు చేయడం తొందరపాటు. కోస్తా కొబ్బరి తోటలలో గానోడెర్మా తెగులు రైతులకు చిరపరిచితం. అంబాజీపేట పరిశోధనా స్థానం ట్రైకోడెర్మా, వేపపిండి వాడకంపై కృషి చేసినది కూడా దీని నివారణకే. ఆగ్నేయాసియాలో ఆయిల్‌పామ్‌ను గానోడెర్మా బోనినెన్స్ కుళ్ళబెడుతున్నది. తూంకుంట నుండి సాగే రాజీవ్ రహదారి వెంటనే ఉన్న సిద్దిపేట జిల్లాలో ఇప్పుడు ఆయిల్‌పామ్ విస్తరిస్తున్నది. ఈ శిలీంధ్రం వేళ్ళ స్పర్శ ద్వారాను, సిద్ధబీజాల ద్వారాను వ్యాపించగలదు. పాతిన దుంగ దానికి ఆహార నిలయం.

పేర్ల చిక్కు మరొకటి. తూర్పు ఆసియాలో లూసిడమ్‌గా సాగైన జాతికి 2012లో గానోడెర్మా లింగ్జీ అని పేరు పెట్టారు. కాబట్టి బాటపక్క చెట్టు మొదట దొరికిన ఎర్రని గొడుగు నుండి స్పాన్ తయారుచేయరాదు. గుర్తింపు నిర్ధారణ అయిన కల్చర్‌ను మాత్రమే వాడాలి.

తోటల మధ్య దుంగలను సిమెంటు నేలపై, ఇసుక నింపిన తొట్లలో ఉంచడం మేలు. దుంగల కోసం చెట్లు నరకడానికి వాల్టా చట్టం, 2002 నిబంధనలు వర్తిస్తాయి. సోలన్‌లోని పుట్టగొడుగుల పరిశోధన సంస్థ రంపపు పొట్టు, గోధుమ తవుడుతో సంచుల పద్ధతిని రూపొందించినందున చిన్న రైతుకు దుంగ తప్పనిసరి కాదు. ఏ పద్ధతిలోనైనా పంట ముగిసిన దుంగను, పొట్టును తోటలో ఎరువుగా వేయక కాల్చివేయాలి.