వారానికొక కొత్త సంగతి

పల్నాటి బడుల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. మాచర్ల, గురజాల, రెంటచింతల, ఎక్కడికి బదిలీ అయితే అక్కడ కాపురం పెట్టాం. ఇప్పుడు నరసరావుపేటలో కొడుకు, కోడలు, మనవలతో ఉంటున్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు తల్లులు, తండ్రులు అయ్యారు. కనిపించినప్పుడల్లా, "టీచరుగారూ, అందరం ఇంట్లోనే ఉంటున్నాం, కానీ ఎవరి లోకం వాళ్లదే అయిపోయింది" అంటారు. వాళ్లకు చెప్పే మాటలనే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

పండగలు ఏడాదికి నాలుగైదు వస్తాయి, వాటి మీదే ఇల్లు నిలబడదు. రోజు చూస్తే పనులతోనే తెల్లారి పొద్దుగూకుతుంది. మన చేతిలో మిగిలేది వారం. వారానికొక చిన్న సంగతి కొత్తగా తెలుసుకుని, దాన్ని నలుగురూ కలిసి పంచుకునే ఇంట్లో మనుషులు ఒకరికొకరు పాతబడరు. నా అనుభవమంతా ఈ ఒక్క మాటలో ఉంది. మిగతాదంతా దాన్ని ఎలా ఆచరించాలన్నదే.

1. వారంలో ఒక పూటను ఇంటికి రాసివ్వండి

మా ఇంట్లో అది ఆదివారం సాయంత్రం. దుకాణం నడిపేవాళ్లకు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు వేరే రోజు కుదరవచ్చు. ఏ పూటైనా ఫరవాలేదు, అది ఇంటిల్లిపాదికీ ముందే తెలిసి ఉండాలి. ఆ కాసేపూ టీవీ ఉండదు, ఫోన్లు బీరువా మీద ఉంటాయి. చుట్టాలొస్తే వాళ్లనూ కూర్చోబెట్టుకుంటాం. పరీక్షో ప్రయాణమో అడ్డొస్తే మర్నాటికి జరుపుతాం గాని ఎత్తెయ్యం. ఒక వారం ఎత్తేస్తే, మరుసటి వారం ఎత్తెయ్యడానికి సాకు కూడా అక్కర్లేదు.

2. పక్క ఊరిని చూసిన తర్వాతే దూరదేశం

మన పిల్లలకు ఈఫిల్ టవర్ ఎక్కడుందో తెలుసు. నకరికల్లు దగ్గరి చేజర్లలో ఏముందో తెలియదు. అక్కడి కపోతేశ్వరాలయం వెనక భాగం కూర్చున్న ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. ఒకప్పుడు అది బౌద్ధుల చైత్యమని, తర్వాత శివాలయమైందని చరిత్రకారులు చెబుతారు. పావురాన్ని కాపాడటానికి తన ఒంటి మాంసాన్ని కోసిచ్చిన శిబి చక్రవర్తి కథ ఈ గుడితో ముడిపడి ఉంది. బౌద్ధుల జాతక కథల్లోనూ శిబి ఉన్నాడు, మన పురాణాల్లోనూ ఉన్నాడు. ఆ సంగతి గుడి ముందు నిలబడి చెబితే, పుస్తకంలో పది పేజీలు చదివినా పుట్టని ఆసక్తి పిల్లల్లో పుడుతుంది.

అలాగే మాచర్ల పట్టణంలోనుంచి పోయే చంద్రవంకను రోజూ వంతెన మీద నుంచి చూసేవాళ్లెందరో ఉన్నారు. ఆ వాగే నక్కలవాగు, తుమ్మలవాగులతో కలిసి ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుందని చాలామంది పిల్లలకు తెలియదు. విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండకు వెళితే ఇక్ష్వాకుల రాజధాని ఆనవాళ్లు కనిపిస్తాయి. నాగార్జునసాగర్ నీళ్లలో ఆ లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండమీదికి చేర్చారు. ఇప్పుడు ఆ కొండే దీవి.

ఒక నియమం మాత్రం పెట్టుకోండి. ఒకసారికి ఒకే చోటు. ఒకే రోజు అయిదు చోట్లు తిప్పితే పిల్లలకు బస్సు కిటికీ తప్ప ఏదీ గుర్తుండదు. బయల్దేరే ముందు ప్రతివాళ్లూ ఒక ప్రశ్న అనుకోవాలి, తిరిగొచ్చాక దానికి జవాబు చెప్పాలి. వెళ్లడానికి డబ్బు, తీరిక లేని వారం మీ వీధిలో ఉన్న పాత బావి గురించో, మీ ఊరి పేరు గురించో అడిగి తెలుసుకోండి. మా నరసరావుపేట మల్రాజు వంశపు జమీందారు పేరుమీద వెలసిందని మా మనవడికి చెప్పింది పక్కింటి పెద్దాయన.

3. ఒక పూట పాత తిండి తినండి

శ్రీనాథ మహాకవి పల్నాటికి వచ్చి, ఇక్కడి జొన్నకూటినీ నీటి ఎద్దడినీ తన చాటువుల్లో ఎత్తిపొడిచాడు. ఆయన చెప్పింది ఆనాటి నిజమే. ఇది నల్లరేగడి, నాపరాయి ఉన్న మెట్టనేల. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ నీళ్లు పారిన చోటల్లా వరి వచ్చింది, వరితోపాటు మూడుపూటలా తెల్లన్నం వచ్చింది. అంతకుముందు మన తాతలను బతికించింది జొన్నలు, సజ్జలు, కొర్రలే.

అందుకని మా ఇంట్లో వారానికొక పూట జొన్న రొట్టెగాని, జొన్న సంగటిగాని ఉంటుంది. పక్కన గోంగూర పచ్చడి, ఉల్లిపాయ ఉంటే చాలు. మొదట్లో పిల్లలు ముఖం చిట్లిస్తారు. వాళ్లతో పిండి కలిపించండి, రొట్టె తట్టించండి. తన చేత్తో తట్టిన రొట్టె వంకరగా వచ్చినా పిల్లవాడు వదలకుండా తింటాడు. తినేటప్పుడు సాగర్ కథ చెప్పండి. కంచంలోని అన్నం వెనక ఒక ఆనకట్ట ఉందని, ఆ ఆనకట్ట వెనక వేలమంది కూలీల చెమట ఉందని తెలిసిన పిల్లవాడు మెతుకు పారెయ్యడానికి ఆలోచిస్తాడు.

4. పెద్దవాళ్లను వారానికొక్క ప్రశ్న అడగండి

"నీ చిన్నప్పటి కబుర్లు చెప్పు" అంటే ఏ పెద్దమనిషికీ ఏం చెప్పాలో తోచదు. ప్రశ్న చిన్నదిగా, సూటిగా ఉండాలి. కాలువ రాకముందు తాగేనీళ్లు ఎక్కడినుంచి తెచ్చేవాళ్లు? పెళ్లికి ఏ బండిలో వచ్చావు? ఊళ్లో మొదటిసారి కరెంటు బల్బు వెలిగిన రాత్రి ఎవరింట్లో ఉన్నావు? మా అత్తగారిని ఇలా అడిగినప్పుడే, ఆమె ఎండాకాలం తెల్లవారుజామున లేచి, చెలమలో నీళ్లు ఊరేదాకా కూర్చుని, ముంతతో తోడి బిందె నింపేదని తెలిసింది. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా ఆ సంగతి ఎవరం అడగలేదు గనక ఆమె చెప్పలేదు.

జవాబును ఒక నోటుపుస్తకంలో రాయించండి. రాసేది ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లై ఉండాలి. తేదీ వెయ్యాలి, పెద్దవాళ్ల మాటను వాళ్ల యాసలోనే ఉంచాలి, దిద్దకూడదు. ఆస్తి పత్రాలను ఎంత భద్రంగా దాస్తారో ఈ పుస్తకాన్నీ అంత భద్రంగా దాయండి.

5. వండినవాళ్లు కూడా పంక్తిలో కూర్చోవాలి

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. పన్నెండో శతాబ్దంలో ఈ గడ్డ మీద బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని పల్నాటి వీరగాథ చెబుతుంది. అదే చాపకూడు. దళితుడైన కన్నమదాసును సేనానిని చేశాడని కూడా ఆ గాథే చెబుతుంది. కార్తీక అమావాస్యకు మొదలై కారంపూడిలో అయిదు రోజులు ఆ గాథలోని వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజుల పేర్లు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఎన్నో ఊళ్ల జనం అక్కడ కలిసి తింటారు.

ఆ ఉత్సవానికి వెళ్లి దండం పెట్టుకొచ్చే ఇళ్లలోనే, ఆడవాళ్లు అందరికీ వడ్డించి, ఆఖర్న అడుగూబొడుగూ తినడం చూశాను. పనిమనిషికి విడిగా పళ్లెం పెట్టడం చూశాను. చాపకూడు మన గడపలోకి రాకపోతే కారంపూడిలో తిని ఏం ప్రయోజనం? వారానికి ఒక్క భోజనమైనా గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని, వండినవాళ్లతో సహా, ఆ పూట ఇంట్లో పనిచేస్తున్నవాళ్లతో సహా అందరూ ఒకేసారి కూర్చోండి. ఎవరిది వాళ్లే వడ్డించుకోండి. మా కోడలు ఆ పూట వేడివేడిగా తింటుంది. మిగతా పూటల్లో కూడా ఆమెకోసం ఆగడం మా అబ్బాయికి అలవాటైంది.

6. లెక్కల పుస్తకం పిల్లల ముందు తెరవండి

పాల బిల్లు, కరెంటు బిల్లు, గ్యాసు, ఫీజులు వారానికోసారి అందరి ముందూ చదవండి. పదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. సేద్యం ఉన్న ఇంట్లో అయితే మిరప నారు ఎంతకు కొన్నాం, మందులకెంత, కోత కూలి ఎంత, గుంటూరు యార్డులో క్వింటాలు ధర ఎంత పలికింది అన్నవి కూడా చెప్పాలి. మిర్చి ధర పడిపోయిన ఒక ఏడాది మావాడు ఆ మాట దాచకుండా ఆదివారం నాడు అందరి ముందూ చెప్పాడు. కొత్త సైకిల్ వచ్చే ఏడాది కొనుక్కుందామని మనవడే అన్నాడు. కష్టం చెప్పుకోవడానికి ఇంట్లో ఒక వేళ, ఒక చోటు ముందే ఉంటే, మనిషి ఒంటరిగా కుమిలిపోడు. ఈ నేల మీద అప్పుల బాధలో ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో చూసినదాన్ని గనక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

7. పనులు మార్చుకోండి

వారానికోసారి ఒకరి పని ఇంకొకరు చెయ్యాలి. బ్యాంకు పని కోడలు చూసుకుంటుంది, చారు కొడుకు పెడతాడు, మిద్దె మీది మొక్కలకు నీళ్లు తాతగారు పోస్తారు. పండుమిరపకాయలొచ్చే రోజుల్లో మా మనవడు రోట్లో పచ్చడి నూరాడు. చేతులు మండాయి. ఆ తర్వాత పచ్చడి బాగాలేదనడం మానేశాడు.

8. ఒక పేజీ పైకి చదవండి

మన ప్రాంతంలో పుట్టిన రచయితలతో మొదలుపెట్టండి. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. అంటరానితనపు బాధను గబ్బిలం చేత కాశీలోని శివుడికి కబురంపిన కవి ఆయన. ఉన్నవ లక్ష్మీనారాయణ గారిది సత్తెనపల్లి ప్రాంతమే. జైల్లో ఉండి 'మాలపల్లి' నవల రాస్తే అప్పటి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన వావిలాల గోపాలకృష్ణయ్య గారు సత్తెనపల్లి మనిషే. ఆయన ఆశపడినట్టు పిల్లల్ని ఊరి గ్రంథాలయంలో చేర్పించండి. ఇంట్లో ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినాలి. పేజీ అయ్యాక అర్థం చెప్పమని నిలదియ్యకండి. నచ్చిన మాట ఒకటి చెప్పమనండి, చాలు.

9. దూరంగా ఉన్నవాళ్లకూ వంతు ఇవ్వండి

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకు ఫోన్ చేస్తే "తిన్నారా, పడుకున్నారా" దగ్గరే మాట ఆగిపోతుంది. వాళ్ల వారంలో తెలిసిన కొత్త సంగతి ఒకటి వాళ్లను చెప్పమనండి, మీది మీరు చెప్పండి. అమెరికాలో ఉన్న మా మనవరాలు అక్కడి మంచు గురించి చెబితే, మేం ఇక్కడి మిరప కల్లాలు వీడియోలో చూపించాం. ఇప్పుడు ఆదివారం మేం చెయ్యడం ఆలస్యమైతే ఆ పిల్లే చేస్తుంది.

10. కాలాన్ని బట్టి మార్చుకోండి

మాఘంలో శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కట్టే ఊరికి వెళ్లి, అంత ఎత్తు ప్రభను వెదుళ్లతో ఎలా నిలబెడతారో పిల్లలకు చూపించండి. తిరునాళ్ల రద్దీలో కంటే ముందు రోజుల్లో వెళితే కట్టేవాళ్లు తీరిగ్గా చెబుతారు. రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. వేసవిలో సాయంత్రపు కూడికను రాత్రి మిద్దె మీదికి మార్చి చుక్కలను గుర్తుపట్టండి. కృష్ణకు వరదొచ్చి సాగర్ గేట్లు ఎత్తితే ఒకసారి వెళ్లి చూడండి. కార్తీకంలో కారంపూడి ఉండనే ఉంది. విసుగొచ్చిన అలవాటును మార్చండి, ఆ పూటను మాత్రం వదలకండి.

ఇందులో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. పదీ ఒకేసారి మొదలుపెట్టకండి, నిలవదు. ఈ ఆదివారం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి, చెప్పింది పిల్లల చేత రాయించండి. ఆ పెద్దవాళ్లు ఎప్పటికీ ఉండరు. అడగవలసింది ఈ వారమే అడగండి.