కొత్త షాక్స్ వేసినా ముందు భాగం ఎగురుతోందా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాను. గ్యారేజీలో సొంతంగా టీ-బకెట్ హాట్ రాడ్ కట్టాను. చిన్న గతుకుకే ముందు భాగం బంతిలా ఎగురుతోంది. షాక్ అబ్జార్బర్లు మార్చినా తగ్గలేదు.

జవాబు: ముందు కమాన్‌కట్టను అనుమానించండి. మీ బండి ముందు భాగం చాలా తేలిక. కట్ట గట్టిదైతే వంగదు, అప్పుడు టైరే స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. టైరు ఊపును ఆపే షాక్ ఏదీ లేదు కదా!

షాక్ కడ్డీకి ప్లాస్టిక్ టై ఒకటి బిగించి, కిందికి జరిపి, గతుకుల మీద తిప్పి రండి. టై జరగలేదంటే కమాన్ కదలట్లేదు. అలాగైతే కమాన్ పట్టీల మధ్య తుప్పు తీసి గ్రీజు పెట్టండి. కమాన్ చివర్లను పట్టి ఉంచే షాకిల్స్ సుమారు 45 డిగ్రీల వాలులో ఉన్నాయా చూడండి. అప్పటికీ బిగుతుగానే ఉంటే ఒక పట్టీ తగ్గించాలి, పెద్ద పట్టీ మాత్రం తీయకూడదు. టై బాగా జరిగినా ఊపు ఆగట్లేదంటే షాక్స్‌ను మరీ పడుకోబెట్టి బిగించారేమో, వాటిని నిలువుకు దగ్గరగా మార్చండి. టైర్లలో గాలి ఎక్కువైనా ఇంతే.

స్టీరింగ్ అదిరినా, వెల్డింగ్ దగ్గర సన్నని గీత కనిపించినా బండి తీయకండి. నేరుగా సస్పెన్షన్ మెకానిక్‌కు చూపించండి.