అడిగిందల్లా పెట్టకండి

కాకటీల్ చిలుక ముందు రకరకాల గింజలు కలిపిన గిన్నె పెట్టి చూడండి. పొద్దుతిరుగుడు గింజలు ఏరుకు తింటుంది, మిగతావి కింద పారబోస్తుంది. ‘పాపం, దీనికి అవే ఇష్టం’ అంటూ మనం మళ్లీ అవే పోస్తాం. ఏడ్చే పిల్లాడి చేతిలో చిప్స్ ప్యాకెట్ పెట్టేదీ మనమే. ప్రేమ పేరు చెప్పి మన పని తేలిక చేసుకునే ఈ అలవాటు పోవాలంటే పిట్ట దగ్గరే మొదలుపెట్టండి. ఎదుటి ప్రాణికి ఏది కావాలో గమనించి పెట్టడం అక్కడ తప్పనిసరిగా వంటబడుతుంది.

గింజల్లో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ, కాల్షియం తక్కువ. ఏళ్ల తరబడి అవే తింటే కాలేయానికి కొవ్వు పడుతుంది. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతికే పక్షి ఇది. అందుకే సగానికి పైగా పెల్లెట్లు (పక్షుల కోసం చేసే గుళికల దాణా), వాటికి తోడు తురిమిన క్యారెట్, మునగాకు, తోటకూర, కొత్తిమీర, ఉడికించిన చిలగడదుంప పెట్టండి. గింజలు బహుమతిగా మాత్రమే. దుకాణాల్లో ఖరీదుగా అమ్మే ‘మిల్లెట్ స్ప్రే’ మన కొర్ర కంకే, మోసపోకండి. కాల్షియానికి పంజరంలో సముద్రపు నురుగు ముక్క కట్టండి.

అయితే తిండిని రాత్రికి రాత్రి మార్చకండి. పెల్లెట్ కూడా తిండేనని దానికి తెలియదు, గిన్నె నిండుగా ఉన్నా పస్తుంటుంది. కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా కలపండి. గుంపులో బతికే పక్షి కాబట్టి పక్కవాళ్లను చూసి నేర్చుకుంటుంది. క్యారెట్ ముక్క మీరు దాని ఎదుట నమిలితే సగం పని అయినట్టే. రోజూ పొద్దున్నే, తిండి పెట్టకముందే వంటింటి తూకం మీద నిలబెట్టి బరువు రాసుకోండి. సాధారణంగా 80 నుంచి 100 గ్రాములు ఉంటుంది. 90 గ్రాముల పిట్ట 9 గ్రాములు తగ్గిందంటే పక్షుల వైద్యుడి దగ్గరికి బయల్దేరాల్సిందే. వేటాడే జంతువులకు చిక్కకుండా జబ్బును దాచుకోవడం దాని స్వభావం. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చునేసరికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. బద్ధకించిన రోజున నోట్‌బుక్‌లో ఖాళీ గడి కనిపిస్తుంది, అంతకంటే మంచి క్రమశిక్షణ పాఠం నాకు తెలియదు.

అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసిన చిరుతిళ్లు దాని దరిదాపుల్లో ఉండకూడదు. పొయ్యి మీద మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ నిమిషాల్లో ప్రాణం తీయగలదు. సాంబ్రాణి, దోమల చక్రం కూడా దాని ఊపిరితిత్తులకు హానే. పంజరాన్ని వంటింటికీ పూజ గదికీ దూరంగా పెట్టండి. రాత్రి 10 నుంచి 12 గంటలు నిద్ర కావాలి. చీకట్లో ఉలిక్కిపడి పంజరంలో కొట్టుకునే అలవాటు కాకటీళ్లకు ఎక్కువ, చిన్న బెడ్‌లైట్ ఉంచండి.

చిలుకల మీద మోజు పుట్టింది కదా అని రామచిలుకను తెచ్చుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం.

ఇక ముద్దు చేయడం. ముందు తురాయి చూడండి. నిక్కబొడుచుకుంటే ఉలిక్కిపడిందనో, ఏదో ఆసక్తిగా చూస్తోందనో అర్థం. తలకు అతుక్కుపోయి, బుస కూడా తోడైతే చెయ్యి వెనక్కి తీసుకోండి. తల వంచి మెడ చూపిస్తే అప్పుడు గోకండి, అదీ తల, మెడ వరకే. వీపు నిమిరితే ఆడపిట్ట జతకు పిలుపనుకుని గుడ్లు పెట్టడం మొదలుపెట్టవచ్చు. గుడ్డు వెనక గుడ్డు పెడుతూ పోతే ఒంట్లో కాల్షియం హరించుకుపోతుంది. చుట్టాలొచ్చి ‘ఎంత ముద్దుగా ఉందో’ అంటూ వీపు మీద చెయ్యి వేయబోతే మొహమాటం లేకుండా ఆపాల్సింది మీరే.