వేయి బీడీల లెక్కలో పసి చేతులు

ధనిక దరిద్ర తారతమ్యాన్ని అర్థశాస్త్ర గ్రంథాలు ఆదాయాల పట్టికలతో వివరిస్తాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో దానిని తెలుసుకోవడానికి పట్టికలు అక్కరలేదు. బీడీల చాట ఒక్కటి చాలు.

ఈ పట్టణాలలోను, పరిసర గ్రామాలలోను బీడీలు చుట్టడం తరతరాలుగా స్త్రీల జీవనాధారం. సిరిసిల్లలో భర్త మరమగ్గం వద్ద, భార్య చాట ముందు శ్రమించే కుటుంబాలు అనేకం. పరదా పాటించే ముస్లిం గృహాలలో గడప దాటకుండా చేయగల పని గనుక అక్కడా ఇది వేళ్లూనింది. తునికాకును నానబెట్టి, కొలతకు కత్తిరించి, పొగాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి ముడవాలి. మూతి ముడవడం సన్నని వేళ్లకు సులభం. బాలిక ఈ వృత్తిలో అడుగుపెట్టేది ఆ పనితోనే.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. కూలి మనిషికి కాదు, గంటకు కాదు, వేయి బీడీలకు. ఆ వేయిలో కూతురు ముడిచినవెన్నో ఎవరూ అడుగరు. పుస్తకంలో పేరు తల్లిదే. ఇచ్చిన ఆకు చాలకపోతే తరచు ఆమే కొనుక్కోవాలి; లోపమున్నవని ఏరివేసిన బీడీల నష్టమూ ఆమెదే. ఆ లోటు పూడ్చేది పక్కన కూర్చున్న పిల్ల. యజమాని లెక్కలలో ఆ పిల్ల లేదు. అతని లాభంలో మాత్రం ఆమె శ్రమ ఉన్నది.

చట్టం కూడ ఆమెను చాలకాలం చూడలేదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం పారిశ్రామిక ఆవరణలలో 14 ఏండ్ల లోపు పిల్లలను పనికి పెట్టరాదన్నది. నివాసగృహం అట్టి ఆవరణ కాదని తానే నిర్వచించింది. 1986 చట్టం బీడీల తయారీని నిషిద్ధ జాబితాలో చేర్చి, కుటుంబ సహాయంతో సాగే పనిని మినహాయించింది. ఇది మన దేశపు లోపం మాత్రమే కాదు. 1833లో ఇంగ్లండు మిల్లులకు తనిఖీ అధికారులను నియమించినప్పుడు, ఇళ్లలో లేసు అల్లే పిల్లలు వారి పరిధిలోకి రాలేదు. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. కాని బడి రిజిస్టరులో పేరున్నంత మాత్రాన సాయంకాలపు చాట ముందు ఆ పిల్ల కూర్చోదని చెప్పలేము.

మూతి ముడవడం ఎరిగినవారు చేతులెత్తమని ఒకసారి తరగతిలో అడిగాను. దాదాపు సగం చేతులు లేచాయి. నేను సానుభూతితో ఏదో చెప్పబోగా, వెనుక వరుసలోని విద్యార్థిని అన్నది: "ఆ పైసలతోనే పరీక్ష ఫీజు కట్టిన, సార్."