బురదనేలపై వసంతకాలపు అతిథులు

అబిడ్సు వీథులలోను, నాంపల్లి స్టేషనువద్దను నిత్యము కాకులను, పావురములను చూచు మన విద్యార్థులకు ఉల్లంకిపిట్ట యెట్లుండునో తెలియకపోవుట వింత కాదు. హుస్సేను సాగరు మనకు సమీపముననే యున్నను, దాని యొడ్డు చాలవరకు రాతికట్టలతోను బాటలతోను నిండిపోయినది. ఉల్లంకులకు కావలసినది లోతునీరు కాదు, నీరు తీసిన బురద. కావున మార్చి మాసాంతమున మేము పిల్లలను వెంటబెట్టుకొని హిమాయత్ సాగరునకు పోయితిమి.

1908వ సంవత్సరపు మూసీ వరద పిమ్మట ఉస్మాన్ సాగరును 1920లోను, దీనిని 1927లోను కట్టి ముగించిరి. వానలకు నిండిన నీరు వేసవి సమీపించుకొలది తగ్గి, అంచున మెత్తని బురద బయటపడును. అందలి పురుగులే ఈ పక్షులకు దారిబత్తెము.

సూర్యుడు వీపువైపున నుండునట్లు నిలువవలెను. ఎదురెండలో పిట్టలన్నియు నల్లనివే. మొదట కాళ్లు చూడుడు. పిచ్చుకంత యొడలు, నల్లని కాళ్లు గలిగి, తలయెత్తక బురదను పొడుచుచుండునది లిటిల్ స్టింటు. పసుపుపచ్చ కాళ్లు గలిగి, దానికంటె పెద్దదైనది వుడ్ సాండ్‌పైపరు. నిలిచినచోటనే తోకను పైకి క్రిందికి ఊపుచుండునది కామన్ సాండ్‌పైపరు. రంగును మాత్రము నమ్మరాదు. శీతకాలమున బూడిదవన్నెగా నుండు స్టింటు వసంతమున ఎఱ్ఱనిచాయ దాల్చును. డిసెంబరులో వ్రాసికొన్న పుస్తకమును చూచి, ఇది వేఱొక జాతియని మేమే చెప్పితిమి. “మాస్టరుగారూ, కాళ్లు మాఱలేదు గదా!” యని యొక బాలిక దిద్దినది. పుస్తకమునందు ఆమె మాటయే వ్రాసితిమి.

ఇంతలో నొక బాలుడు దగ్గఱనుండి చూడగోరి బురదలోనికి దిగెను. పంచతంత్రమున సముద్రముతో పంతమాడిన టిట్టిభమే ముందుగా కేకవేసినది. గుంపంతయు లేచిపోయెను. పిల్లలు చప్పట్లు చఱచిరి. మేము వారిని కట్టపై కూర్చుండబెట్టి లెక్క చెప్పితిమి. ఆ పిట్ట బరువు సుమారు 25 గ్రాములు. అది గ్రుడ్లు పెట్టుటకు ఉత్తరధ్రువప్రాంతపు సైబీరియావరకు వేలకొలది కిలోమీటర్లు పోవలెను. అచ్చటి వేసవి స్వల్పము. ఆలస్యమైన పిట్టకు పిల్లలు దక్కవు. ఇచ్చట కూడబెట్టిన క్రొవ్వే దానికి ఇంధనము. మనము బెదరించినప్పుడెల్ల అది కొంత వృథాగా ఖర్చగును.

“అయితే మనము రాకూడదా?” యని ఆ బాలుడు చిన్నబుచ్చుకొనెను. రావచ్చును, కదలక కూర్చుండవలెనంటిమి. అరగంటకు గుంపు తానై తిరిగివచ్చి, ముప్పది అడుగుల దూరమున మేయసాగెను. ఆ బాలుడే అందఱికంటె ఎక్కువగా, ఎనుబది నాలుగు లెక్కించెను.

ఏప్రిలు చివర మరల పోయినప్పుడు స్టింటులు తొమ్మిదే యుండెను. టిట్టిభములు మాత్రము ఎక్కడివక్కడనే యుండి మమ్ము తిట్టిపోసినవి.